కథారచనలో విశేషణాలు, క్రియావిశేషణాలు

నామవాచకం యొక్క గుణాన్ని తెలిపే పదం విశేషణం (ఉదా: పుల్లని కాయ). క్రియ జరిగిన తీరును తెలిపే పదం క్రియావిశేషణం (ఉదా: మెల్లగా నడిచాడు). కథలో ఇవి కొత్త విషయమేమీ చెప్పక రచయిత అభిప్రాయాన్ని మాత్రమే తెలిపినప్పుడు వాక్యం బలహీనపడుతుంది. అటువంటి చోట తగిన క్రియను గాని, నామవాచకాన్ని గాని, కంటికి కనిపించే వివరాన్ని గాని ఉంచడం వాక్యాన్ని బలపరిచే పద్ధతులలో ముఖ్యమైనది.

తెలుగులో వీటి నిర్మాణం

మంచి, చెడ్డ, పెద్ద, చిన్న, కొత్త, పాత వంటి సహజ విశేషణాలు తెలుగులో కొద్దిగానే ఉన్నాయి. మిగిలినవాటిలో చాలా భాగం నామవాచకానికి 'ఐన', 'గల' వంటివి చేరగా ఏర్పడతాయి (అందమైన, బలంగల). 'గా' చేరితే క్రియావిశేషణమవుతుంది (అందంగా, బలంగా). ఏ మాటకైనా సులభంగా చేర్చగల ప్రత్యయాలు కావడం వలన వీటి వాడుక రచయితకు తెలియకుండానే పెరిగిపోతుంది.

పూర్వుల అభిప్రాయాలు

ఈ విచారణ కొత్తది కాదు. 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు తన 'ఔచిత్యవిచారచర్చ'లో క్రియను, విశేషణాన్ని కూడా ఔచిత్యం పాటించవలసిన స్థానాలుగా పేర్కొన్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్లు కళ్ళకు కట్టించే స్వభావోక్తిని దండి అలంకారాలలో మొదట చెప్పాడు. రష్యన్ కథకుడు చెహోవ్ 1899లో గోర్కీకి వ్రాసిన లేఖలో ప్రూఫులు దిద్దేటప్పుడు విశేషణాలను, క్రియావిశేషణాలను వీలైనంతగా కొట్టివేయమని సలహా ఇచ్చాడు. తెలుగులో గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' (1910) వర్ణనతో గాక, తలుపు తీయమనే పిలుపుతో మొదలవుతుంది.

క్రియను మార్చడం

తీరును తనలోనే ఇముడ్చుకొన్న క్రియలు తెలుగులో అనేకం. అవి దొరికినప్పుడు 'గా' అవసరం ఉండదు.

* నిస్సత్తువగా కూర్చుంది – కూలబడింది, చతికిలబడింది
* దొంగతనంగా చూశాడు – తొంగిచూశాడు
* కోపంగా అన్నాడు – కసిరాడు, గద్దించాడు
* వినీ వినబడకుండా అన్నాడు – గొణిగాడు

నామవాచకాన్ని మార్చడం

ఏలూరు జిల్లా (2022కు పూర్వం కృష్ణా జిల్లా) లోని ముసునూరు, నూజివీడు ప్రాంతం మామిడితోటలకు ప్రసిద్ధి. అక్కడి పదాలతోనే ఈ పద్ధతిని వివరించవచ్చును. 'బాగా లేత కాయ' అనడానికి పిందె అనే మాట ఉన్నది. 'సగం పండిన కాయ' అనడానికి దోరకాయ ఉన్నది. 'తియ్యని మామిడిపండు ఎంతో ఇష్టంగా తిన్నాడు' అన్న వాక్యంలో ఏ పండో, ఎలా తిన్నాడో తెలియదు. 'చిన్నరసం జుర్రుకున్నాడు' అంటే రెండూ తెలుస్తాయి. రసాలను పిసికి జుర్రుకుంటారు. బంగినపల్లిని ముక్కలుగా కోసి తింటారు. అనగా సరైన నామవాచకం తనకు తగిన క్రియను వెంటబెట్టుకొని వస్తుంది.

సవరణకు ఒక ఉదాహరణ

సవరణకు ముందు: "బలమైన గాలికి చాలా కాయలు రాలిపోయాయి. రైతు తన అందమైన తోటలో ఎంతో బాధగా కూర్చున్నాడు."

సవరణ తరువాత: "తెల్లవారుజామున ఈదురుగాలి వీచింది. చెట్ల కింద నేల కనబడడం లేదు. రైతు ఒక కాయ తీసి ముచ్చిక తడిమాడు. సొన ఇంకా ఆరలేదు. గంప బోర్లించి దానిమీద కూలబడ్డాడు."

రెండవ దానిలో 'బాధ' అనే మాట లేదు. ఆరని సొన, బోర్లించిన గంప ఆ పని చేశాయి. వాక్యాలు పెరిగినవి గనుక ఈ పద్ధతిని కేవలం పొదుపుగా భావించరాదు.

పరిమితులు

విశేషణాలన్నింటినీ తొలగించడం సరికాదు. ఒక వస్తువును మరొకదానినుండి వేరుచేసే విశేషణం ఉండవలసిందే: 'పుల్లని కాయ'లో పులుపు సమాచారం, 'చక్కని కాయ'లో చక్కదనం అభిప్రాయం. స్టీఫెన్ కింగ్ 'ఆన్ రైటింగ్' (2000)లో క్రియావిశేషణాలను గట్టిగా నిరసించాడు గాని, ఆంగ్ల రచనకు చెప్పిన ఆ సూత్రం తెలుగుకు పూర్తిగా వర్తించదు. గబగబా, టపటపా వంటి ధ్వన్యనుకరణ పదాలు వ్యాకరణరీత్యా క్రియావిశేషణాలే అయినా వేగాన్ని, శబ్దాన్ని వినిపిస్తాయి. 'కాయలు టపటపా రాలాయి' అన్నది బలమైన వాక్యమే. పాత్రల సంభాషణలో వారి వాడుక ప్రకారం విశేషణాలు ఎన్ని ఉన్నా దోషం లేదు. 'అన్నాడు' చాలినచోట 'వచించాడు' అని మార్చడం మరొక దోషమవుతుంది.

పదసంపదతో సంబంధం

వృత్తి పదాల సేకరణకై ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశాన్ని ప్రారంభించింది. వ్యవసాయ పదాలకు సంబంధించిన మొదటి సంపుటం 1962లో వెలువడింది. కోశం పదాన్ని భద్రపరుస్తుంది; దాన్ని వాడుకలో నిలిపేవి మాట, రచన. 'చిన్న', 'మంచి', 'అందమైన' అనే మాటలతోనే సరిపెట్టుకొనే కథలో ముచ్చికకు, సొనకు, కాయలు కోసే చిక్కానికి చోటుండదు. తోట ఎరుగని పాఠకునికి ఆ మాటలు చేరే దారులలో కథ ఒకటి.