మురుగుకూ తోడు కావాలి

పొద్దున లింగంపల్లి స్టేషనులో రైలు దిగే జనాన్ని చూశారా? వారిలో చాలామంది గచ్చిబౌలి, మాదాపూరు అద్దాల మేడల్లోకి పోతారు. అక్కడ వారు కాఫీకప్పులు కడిగిన నీళ్ళూ, మరుగుదొడ్ల నీళ్ళూ యెటు పోతున్నవి? మర్యాదస్తులు అడగని ప్రశ్న యిది. పెద్ద మేడల్లో ఆ శుద్ధి తరచు మేడ అడుగునే, కార్లు నిలిపే చోటు పక్కనే జరుగుతుంది. 2006 నాటి కేంద్ర నోటిఫికేషను ప్రకారం 20,000 చదరపు మీటర్లూ, అంతకు మించిన కట్టడాలకు పర్యావరణ అనుమతి కావాలి. మురుగు శుద్ధి ఆ షరతుల్లో ఒకటి.

శుద్ధి చేసేవి సూక్ష్మజీవులు. మన వంటిళ్ళకు యీ శాస్త్రం కొత్తది కాదు. నిన్నటి పెరుగు చెంచాడు వేసి నేటి పాలు తోడుపెట్టటం లేదూ? 1914లో మాంచెస్టరులో ఆర్డర్న్, లాకెట్ అనే యిద్దరు రసాయనజ్ఞులు చేసినదీ అదే. సీసాలో మురుగు పోసి గాలి వూదారు. పూర్తిగా శుద్ధి కావటానికి సుమారు అయిదు వారాలు పట్టింది. పైతేట వంచి, అడుగున పేరిన బురద పారవేయక, దానిమీదే కొత్త మురుగు పోశారు. అలా పోయగా పోయగా చివరకు ఒక్క రోజులో పని తెమిలింది! వారికి దారి చూపిన ఫౌలరు గారు 1916లో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూటుకు ఆచార్యులుగా వచ్చారు కూడాను.

మా వీధి కుర్రవాడొకడు అలాంటి ప్లాంటులో ఆపరేటరు. వెంటబెట్టుకుపోయి చూపించాడు. తొట్టిలో నీరు చాక్లెట్ రంగున నురగలు కక్కుతున్నది. ముక్కు మూసుకోబోయాను, తీరా వాసన తొలకరి మట్టిదే!

"నల్లగయితె సచ్చినట్టే సార్. ఇది మెషీన్ గాదు, పశువు లెక్క. గాలి, మేత రెండూ కావాలె" అన్నాడు.

మేత అంటే మురుగే. ఆఫీసుకు శని, ఆదివారాలు సెలవు, పశువుకు లేదు. కొందరు యజమానులు కరెంటు బిల్లు చూసి బ్లోయరు ఆపిస్తారు. గాలి అందక క్రిములు చస్తవి, తొట్టి కుళ్ళుతుంది, ఆ నీరు సందు చూసుకుని చెరువులో పడుతుంది. దుర్గం చెరువు పడిన పాట్లు యెవరెరుగరు? అదే నడిపితే, వడగట్టిన నీరు తోటలకూ, మరుగుదొడ్ల ఫ్లష్షులకూ, ఏసీ కూలింగు టవర్లకూ పనికివస్తుంది. వేసవిలో ఆ మేరకు టాంకర్లు తగ్గుతవి. దీన్ని దండుగ ఖర్చనేవారి లెక్క నాకు అర్థం కాదు.

కుళ్ళిన తొట్టిలో మరొకటి పుడుతుంది: కుళ్ళిన కోడిగుడ్డు వాసన గల వాయువు. మోతాదు పెరిగితే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది కనుక వాసనే తెలియదు. నాలుగు వూపిర్లలో మనిషి పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మురుగులోకి మనిషిని దించటం 2013 చట్టం ప్రకారం నేరం.

"నువ్వు దిగుతావా?" అన్నాను.

"పంపు పెట్టి తోడిస్త సార్. గాస్ కొలిచే మీటర్ కొనమని మూడుసార్లు రాసిచ్చిన. ఇంక రాలె."