గోడకు చెమ్మ ఎందుకు ఎక్కుతుంది?

వానాకాలం పోయి నెలలు గడుస్తాయి. అయినా కొన్ని ఇళ్లలో గోడల అడుగు తడిగానే ఉంటుంది. సున్నం రాలుతుంది. పెచ్చులు ఊడిపడతాయి. గోడవార పెట్టిన బియ్యం బస్తా ముక్కిపోతుంది. అక్కడ పడుకునే పిల్లలకు దగ్గు తగ్గదు. "శంకుస్థాపన వేళ మంచిది కాదు" అంటారు కొందరు. తప్పు వేళది కాదు. నేలలోని నీళ్లది.

దీపం వత్తిని చూడండి. నూనె ప్రమిద అడుగున ఉంటుంది. వత్తి దాన్ని పైకి పీలుస్తుంది. ఇటుక కూడా అంతే. ఇటుకలో కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. పునాది దగ్గర తడి ఉంటే నీరు వాటి గుండా పైకి పాకుతుంది. చాలా ఇళ్లలో 3 అడుగుల దాకా ఎక్కుతుంది. నీటితో పాటు నేలలోని ఉప్పు కూడా వస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. గోడ మీద తెల్లగా పూసేది అదే. పూతను బయటికి నెట్టేదీ అదే.

గోడ పైన తడిగా, కింద పొడిగా ఉంటే మాత్రం సంగతి వేరు. అప్పుడు ఇంటి కప్పు చూసుకోవాలి.

పెచ్చులు ఊడగానే చాలామంది సంఘంలో అప్పు తీసుకుంటారు. మేస్త్రీని పిలిచి సిమెంటు పూయిస్తారు. కొన్నాళ్లు గోడ నున్నగా ఉంటుంది. కానీ లోపలి నీటికి బయటికి దారి లేదు. అది సిమెంటు దాటి ఇంకా పైకి ఎక్కుతుంది. అప్పు తీరకముందే మళ్లీ పెచ్చులు! ఆయిల్ పెయింటు వేసినా ఇదే గతి.

ముందు ఇంటి చుట్టూ తిరిగి చూడాలి. గిన్నెలు తోమిన నీళ్లు గోడ పక్కనే నిలుస్తున్నాయా? చూరు నీళ్లు పునాది దగ్గరే పడుతున్నాయా? గోడకు ఆనించి మట్టి, పెంట పోశారా? వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి ఇల్లు పల్లమైపోయిందా? నీళ్లు గోడకు దూరంగా పోయేలా వాలు చేయాలి, కాలువ తీయాలి. దీనికి పలుగు, పార చాలు.

తర్వాత చెడిన సిమెంటు పూత కొట్టించాలి. తడి కనపడే చోటుకు ఒక అడుగు పైదాకా తీసేయాలి. ఉప్పును పొడి చీపురుతో ఊడ్చి బయట పారేయాలి. కడగకూడదు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఆపైన గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి సుమారు ఒక నెల పడుతుంది. అంటే 9 అంగుళాల గోడకు 9 నెలలు. బిడ్డను మోసినంత కాలం! ఆరాక సున్నం గారతో పూయించి, సున్నమే వేయాలి. సున్నం చెమ్మను లోపల బంధించదు.

కొత్త ఇల్లు కట్టేవాళ్లకు ఇంత తిప్పలు లేదు. పునాది మీద గోడ లేపకముందే ఒక కాంక్రీటు పొర వేయించాలి. మేస్త్రీలు దీన్ని డీపీసీ అంటారు. 1 పాలు సిమెంటు, 2 పాళ్లు ఇసుక, 4 పాళ్లు సన్న కంకర. అందులో నీరు పట్టకుండా చేసే పొడి కలపాలి. మందం ఒకటిన్నర అంగుళం. గోడ వెడల్పంతా పరుచుకోవాలి, మధ్యలో ఎక్కడా తెగకూడదు. నేలకు కనీసం అర అడుగు ఎత్తున ఉండాలి. గోడ లేచాక ఈ పొర వేయడం చాలా కష్టం. అందుకని ఆ రోజు ఇంటివాళ్లు దగ్గరుండి చూసుకోవాలి.