వ్యానులో ఇల్లా? ఇరుసులు చూడండి!

ఎన్టీఆర్‌ 1982లో షెవర్లే వ్యానునే ఇల్లు చేసుకుని ఊరూరా తిరిగారు... చైతన్యరథం! అలాగే ఓ వ్యానులో మంచం, వంటగది అమర్చుకుని మేళ్లచెరువు శివరాత్రి జాతరకు సకుటుంబంగా వెళ్లాలని ముచ్చటపడుతున్నారా? ముందు వీల్‌బేస్‌ చూడండి. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరమన్నమాట. ఫోర్స్‌ ట్రావెలర్‌లో 3,350, 4,020 మి.మీ. రకాలున్నాయి. పొడవుదైతే హైవేమీద కుదురుగా సాగుతుంది. కానీ స్టీరింగ్‌ అంతే తిప్పినా మలుపు 20 శాతం వెడల్పవుతుంది. జాతర సందుల్లో డ్రైవరుకి చెమటలే!

పొట్టిది కొని వెనక పెంచుకుందామంటారా? వెనక ఇరుసు దాటిన భాగం వీల్‌బేస్‌లో 60 శాతానికి మించకూడదన్నది నిబంధన. అసలు ప్రమాదం బరువుతో. ఆ ఇరుసుకు మీటరున్నర వెనగ్గా వంద లీటర్ల నీళ్లట్యాంకు బిగిస్తే, పొట్టి వ్యాను ముందు చక్రాలమీద దాదాపు 45 కిలోల భారం తగ్గిపోతుంది. స్టీరింగ్‌ పట్టు సడలేది అందుకే. ట్యాంకును ఇరుసుల మధ్యే పెట్టించండి. మంచం వెనక్కి జరిగినా ఫర్వాలేదు.