పాత బుల్లెట్టును మళ్లీ రోడ్డెక్కించడం

పాత మోటారుసైకిలును తక్కువ ధరకు కొని, విప్పి, బాగుచేసుకుని, సెలవురోజున సముద్రం పక్క దారిన సరదాగా నడుపుకోవాలనుకునేవారికి చెన్నై అనుకూలమైన నగరం కావడానికి కారణం దాని పారిశ్రామిక చరిత్రలోనే ఉన్నది. 1955లో మద్రాస్ మోటార్స్ సంస్థ, ఇంగ్లండులోని రెడిచ్ పట్టణానికి చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. మొదట్లో విడిభాగాలను ఓడల మీద తెప్పించి బుల్లెట్టు బండ్లను ఇక్కడ బిగించేవారు. ఆ తరువాత తయారీ యంత్రసామగ్రి కూడా వచ్చి, 1960ల ఆరంభానికి బండి మొత్తం ఉత్తర మద్రాసులోని తిరువొత్తియూరు కర్మాగారంలోనే తయారు కాసాగింది. 1970 నాటికి ఇంగ్లండులో మాతృసంస్థ మూతపడినా తిరువొత్తియూరులో తయారీ ఆగలేదు.

ఆ కర్మాగారం దశాబ్దాల తరబడి బుల్లెట్టు ఇంజను నిర్మాణాన్ని దాదాపుగా మార్చకుండా ఉంచటం వల్ల పాత బండి ప్రియులకు గొప్ప మేలు జరిగింది. సిలిండరు లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు, మొత్తం సామర్థ్యం 346 సి.సి. ఈ కొలతలతో వచ్చిన పోత ఇనుప సిలిండరు ఇంజను 2010 ప్రాంతం వరకూ కొనసాగింది కాబట్టి, నలభై ఏళ్ల బండికి కావలసిన పిస్టనో, క్లచ్ ప్లేట్లో నేటికీ అంగట్లో దొరుకుతాయి. మైసూరులో తయారైన జావా, యెజ్డీలకూ, 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100కూ అభిమానులు తక్కువేమీ కాదు. అయితే ఆర్‌ఎక్స్ 100 ధర అభిమానంతో పాటే పెరిగిపోయింది కనుక చవక బండ్ల లెక్కలో దానిని చేర్చడం కష్టం.

కొనేటప్పుడు ఇంజను కంటే ముందు చూడవలసినవి కాగితాలు. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆపైన బండి స్థితిని పరీక్ష చేయించి, ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. యాజమాన్యం మార్చడానికి 29, 30 నంబరు ఫారాలు, బండి ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వచ్చినదైతే అక్కడి రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం అవసరమవుతాయి. చాసిస్ నంబరు, అంటే బండి చట్రం మీద ముద్ర కొట్టిన అంకెలు, ఆర్.సి. పుస్తకంలోని అంకెలతో సరిపోవాలి. ఆ అంకెల మీద పలుచని కాగితం పరిచి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే అచ్చు కాగితం మీదికి దిగుతుంది. ఒక అంకె పక్క అంకె కంటే లోతుగా కనిపించినా, వరుస వంకరపోయినా ఆ బండిని అక్కడే వదిలేయడం మంచిది. ఇంజను మార్చిన బండి అయితే, ఆ మార్పునకు రవాణా అధికారుల అనుమతి పొంది పుస్తకంలో రాయించి ఉండాలి. కాగితాలు లేని బండి ఎంత తక్కువకు వచ్చినా అది తూకానికి అమ్మే ఇనుమే తప్ప వాహనం కాదు.

చెన్నైలో మరో జాగ్రత్త నీటికి సంబంధించినది. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళలోనూ నగరంలో ఎన్నో వాహనాలు మునిగాయి. ఇంజనులోకి నీరు చేరితే ఆయిలు పాలు కలిపినట్టు తెల్లగా మారుతుంది. హెడ్‌లైటు గిన్నె లోపల ఎండిన బురద చారలు ఉంటే మునిగిన సంగతి బయటపడుతుంది. ఉప్పుగాలికి మడ్‌గార్డులు లోపలివైపు నుంచి తుప్పుపట్టి చిల్లులు పడతాయి. ఆ చిల్లులను లప్పంతో పూడ్చి పైన రంగు వేస్తారు కాబట్టి చిన్న అయస్కాంతాన్ని రేకు మీద జరుపుతూ పోవాలి. అది అంటుకోని చోట రేకుకు బదులు లప్పమే ఉందన్నమాట.

విడిభాగాల కోసం ఎగ్మూరు సమీపంలోని పుదుప్పేట పాత సామాను అంగళ్లకూ, జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాలకూ తిరగక తప్పదు. పాత భాగాన్ని చేతిలో పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకుంటే మోసపోయే అవకాశం తగ్గుతుంది. చాలామంది ముందుగా రంగుకూ నికెలు పూతకూ డబ్బు ఖర్చు చేసి, ఇంజను విప్పే వేళకు చేతులెత్తేస్తారు. బ్రేకులు, టైర్లు, వైరింగు, ఇంజను బాగుపడిన తరువాతే మెరుగుల మాట తలపెట్టడం సరైన వరుస. అరిగిన సిలిండరును లేత్ పనివారు లోపలి నుంచి సమానంగా చెక్కి, అసలు కొలత కంటే కొంచెం పెద్ద పిస్టనును అమర్చుతారు. దీనినే బోరింగ్ అంటారు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం వరకూ ఇథనాలు కలుస్తున్నందువల్ల, కార్బురేటరులోని పాత రబ్బరు వాషర్లనూ, పెట్రోలు గొట్టాన్నీ దానిని తట్టుకునే కొత్తవాటితో మార్చాలి.

పాత బుల్లెట్టును స్టార్టు చేయడం ఒక విద్య, ఈ పనిలోని అసలైన ఆనందం అక్కడే మొదలవుతుంది. తాళం తిప్పి కిక్కరును నెమ్మదిగా నొక్కుతూ పోతే, హెడ్‌లైటు పక్కన ఉండే, విద్యుత్ ప్రవాహాన్ని చూపే అమ్మీటరు సూది ఒక పక్కకు వాలి, మళ్లీ నడిమికి వస్తుంది. పిస్టను పైకొనకు చేరిందని దాని అర్థం. అప్పుడు డీకంప్రెసర్ అనే చిన్న మీటను, అంటే వాల్వును కాస్త తెరిచి సిలిండరులో బిగుసుకున్న గాలిని వదిలే మీటను పట్టి, కిక్కరును ఇంకొద్దిగా దించి, మీటను వదిలి, కిక్కరును పైకి రానిచ్చి, నిండుగా ఒక్క తొక్కు తొక్కాలి. బలంతో పోరాడితే కిక్కరు ఎదురు తన్ని చీలమండకు దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నది.

బోరింగ్ చేయించిన ఇంజనుకు కొత్త పిస్టను, సిలిండరు గోడ ఒకదానికొకటి ఒదగడానికి కొంత కాలం పడుతుంది. అందుచేత చెన్నై నుంచి మహాబలిపురం వరకూ ఉండే యాభైఅయిదు కిలోమీటర్ల తూర్పుతీర రహదారిలో తొలి ప్రయాణాన్ని తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, నడుమ రెండుచోట్ల ఆగి ఇంజనును చల్లారనిస్తూ చేయాలి. మొదటి ఐదువందల కిలోమీటర్లూ గంటకు యాభై కిలోమీటర్ల వేగం దాటకుండా నడిపి, ఆ తరువాత ఆయిలు మార్చి, హెడ్ బోల్టులను మరొకసారి బిగించుకోవాలి.