మీకు తెలుసా? బడికెళ్లిన ‘బులిట్’ కారు

1974లో 6,000 డాలర్లకు చేతులు మారిన ఒక ఫోర్డ్ మస్టాంగ్, 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిసిమీ వేలంలో రుసుములతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. అప్పటికి వేలంలో ఏ మస్టాంగ్‌కూ అంత ధర రాలేదు.

1968 నాటి ‘బులిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో నడిపిన ముదురాకుపచ్చ కారు ఇదే. పత్రికలో ప్రకటన చూసి న్యూజెర్సీ కుటుంబం ఒకటి దీన్ని కొనుక్కుంది. కొని దాచుకోలేదు, ఇంటి కారుగానే వాడుకుంది. టీచరైన ఆ ఇంటి ఇల్లాలు బడికి ఇందులోనే వెళ్లేవారు! 1977లో సాక్షాత్తూ మెక్వీనే ఉత్తరం రాసి, కారు తనకు అమ్మమని అడిగారు. వాళ్లు ఇవ్వలేదు. 1980 ప్రాంతంలో క్లచ్ పోయాక పక్కన పెట్టేశారు. 2018లో డెట్రాయిట్ ఆటో షోకి తెచ్చేదాకా అది ఎక్కడుందో బయటివాళ్లకు తెలియదు.

విలువంతా దాన్ని ముట్టుకోకపోవడంలోనే ఉంది. తళతళలాడేలా రంగు కొట్టించి ఉంటే సగం చరిత్ర చెరిగిపోయేది. వెలిసిన రంగు, సొట్టలు, తుప్పు అలాగే ఉన్నాయి. కెమెరా బిగించడానికి సినిమావాళ్లు కారు అడుగున వెల్డింగ్ చేసిన ఇనప ముక్కలూ ఉన్నాయి. అది అచ్చంగా ఆ కారేనని చెప్పే గట్టి సాక్ష్యాల్లో అవీ ఉన్నాయి.

షూటింగ్‌లో నిజానికి రెండు మస్టాంగ్‌లు వాడారు; రెండోది మెక్సికోలోని తుక్కు యార్డులో దొరికిందని 2017లో బయటపడింది.