సూచిక చెరిగిన డిస్కు

పాత ఎమ్.బి.ఆర్. పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో విభజన పట్టికకు దక్కేది 64 బైట్లు మాత్రమే. ఏ విభాగం ఎక్కడ మొదలై ఎంతవరకు ఉన్నదో తెలిపే విషయసూచిక అది. సూచిక చిరిగినంత మాత్రాన పుస్తకంలోని పుటలు పోవు. అట్లే పట్టిక ఒక్కటే చెడితే స్వదేశంలోని పెద్దల ఛాయాచిత్రాలు డిస్కుపై పదిలంగానే ఉంటాయి.

కనుక తెరపై 'ఇనిషియలైజ్', 'ఫార్మాట్' అన్న సూచనలు కనిపిస్తే అంగీకరించడం తగదు. ముందుగా డిస్కు మొత్తానికి వేరొక డిస్కుపై నకలు తీసి, ఆ నకలుపైనే టెస్ట్‌డిస్క్ వంటి సాధనంతో విభాగాలను వెదకడం క్షేమం. జి.పి.టి. పద్ధతిలోనైతే పట్టిక రెండవ ప్రతి డిస్కు చివర ఉంటుంది.

సరిచేసిన పట్టిక మళ్ళీ చెడినదంటే దోషం వేరొకచోట ఉన్నదన్నమాట. వదులైన కేబులు, లోపమున్న మెమరీ, శిథిలమవుతున్న డిస్కు, వైరస్: వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించవలసి ఉంటుంది. కారణం తెలియని మరమ్మతు తాత్కాలికమే.