కృష్ణపక్షం: విషాదమూ వ్యాధీ

దేవులపల్లి కృష్ణశాస్త్రి విషాదాన్ని చాలామంది ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: 1922లో భార్య మరణించింది, 1925లో ‘కృష్ణపక్షం’ వెలువడింది. కాని ఆ కావ్యానికి బీజం 1920లో, వైద్యం కోసం బళ్ళారి వెళ్ళిన రైలు ప్రయాణంలోనే పడిందని ఆయన జీవితచరిత్రలో చదువుతాం. భార్యావియోగం ఆ దుఃఖాన్ని గాఢం చేసి ఉండవచ్చు. పుట్టించిందని మాత్రం అనలేము.

వైద్యుడిగా నన్ను ఆకర్షించేది ఆ పేరే. పక్షమంటే పదిహేను రోజులు. మనోవైద్యం సైతం లక్షణాలు కనీసం రెండు వారాలు నిలిస్తేనే కుంగుబాటుగా నిర్ధారిస్తుంది. పోలిక అక్కడితో సరి. కుంగుబాటు ప్రధాన లక్షణాల్లో ఒకటి ఆసక్తి నశించడం: మల్లెల వాసన ముక్కుకు సోకుతుంది, మనసుకు సోకదు. కృష్ణశాస్త్రిలో జరిగేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. కన్నీళ్ళ నడుమ కూడా ఆయన ఇంద్రియాలు మేలుకొనే ఉంటాయి. ఆకు, తీగ, పిట్ట, వెన్నెల, ఏదీ రంగు కోల్పోదు. అంత అందం ఎదుట ఉండగా తాను అందులో కలిసిపోలేకపోవడమే ఆయన అలజడి. ఆ దుఃఖంలో కొంత విలాసం ఉందన్న విమర్శ పూర్తిగా అన్యాయం కాదు. అయితే విలాసానికి కూడా ప్రాణశక్తి కావాలి.

1963లో గొంతు జబ్బుతో ఆయనకు మాట పోయింది. అంతటి వక్త కాగితం మీద రాసి చూపుతూ సంభాషించవలసి వచ్చింది. అయినా కలం ఆగలేదు: ‘ఉండమ్మా బొట్టు పెడతా’ (1968), ‘గోరింటాకు’ (1979) చిత్రాల పాటలు ఆ మౌనంలోంచి వచ్చినవే.

ఈ తేడా నేను ఆలస్యంగా గ్రహించాను. మెల్‌బోర్న్‌కు ఆగ్నేయాన, నిన్నమొన్నటి పొలాల్లో లేచిన ఇళ్ళ ఊరు క్లైడ్ నార్త్. ఇక్కడి ఆకాశంలో చంద్రబింబం మన ఊళ్ళో చూసినదానికి తిరగబడి కనిపిస్తుంది. కృష్ణశాస్త్రి పద్యాలు ధారగా చదివే మిత్రుడొకరు ఇక్కడే ఉన్నారు. ఒక జూన్ నెల చలికాలంలో ఆయన మూగగా మారారు. పెరట్లో ప్రాణంగా పెంచుకున్న కరివేప మొక్క కుండీలోనే ఎండిపోయింది. కవిహృదయం కదా, ఏదో భావనలో ఉన్నారని నవ్వి ఊరుకున్నాను. విషాద పద్యాలు చదవడం కూడా ఆయన మానేశారన్న సంగతి నెలన్నర తర్వాత గాని నాకు తట్టలేదు. అప్పటికి నిద్ర, ఆకలి రెండూ పోయాయి. వైద్యుణ్ణి అయి ఉండీ చూడలేకపోయాను. చికిత్సకు నెలలు పట్టింది.

మొన్న ఫోన్ చేసి, కృష్ణపక్షంలోని పద్యం ఒకటి మొదలుపెట్టి, మూడో పాదం దగ్గర ఆగిపోయారు. “గుర్తు రావడం లేదు, ఆ పుస్తకం మీ దగ్గరే ఉంది కదా, తీసుకురండి” అని విసుక్కున్నారు. ఆ విసుగు వినడానికి ఎంత హాయిగా ఉందో!